జర్మనీ రేకుల విమానం నుంచి కాన్పూరు డోర్నియర్ దాకా



ఈ సంచికలో విజ్ఞాన పాఠం రాసే బాధ్యత మాకు అప్పజెప్పారు. ఏ అంశం తీసుకోవాలా అని ఆలోచిస్తే, ఇప్పుడు మన చుట్టూ అందరి నోటా వినపడుతున్న మాటే గుర్తుకొచ్చింది. 2025 ఫిబ్రవరి 28న వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అప్పటినుంచి జనగామ బస్టాండులో, మహబూబాబాద్ స్టేషనులో, భూపాలపల్లి సింగరేణి కాలనీల్లో ఎక్కడ నలుగురు కూడినా "మనకు విమానం వస్తుందట" అనే మాటే. మంచిదే. అయితే ఏ విమానం? ఎవరి కోసం? దానికి ఎంత జాగా కావాలి? ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కోవాలంటే ముందు రవాణా విమానం ఎలా పుట్టిందో, ఎలా మారిందో తెలియాలి.

అందుకు జర్మనీ విమానాల చరిత్రను ఎంచుకున్నాం. దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, పూర్తిగా లోహంతో చేసిన ప్రయాణికుల విమానం మొదట అక్కడే పుట్టింది. రెండు, ఆ దేశంలో రూపొందిన ఒక చిన్న రవాణా విమానం 1986 నుంచి మన దేశంలోనే తయారవుతూ మన సముద్రాన్ని కాపలా కాస్తోంది. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. విమానం గొప్పదనం సగం దాని రెక్కల్లో ఉంటే, మిగతా సగం దాన్ని ఏ పనికి పెట్టారన్న దాంట్లో ఉంటుంది.

రేకుకు ముడతలు ఎందుకు?

మొదట్లో విమానాలను కట్టె చట్రానికి గుడ్డ బిగించి తయారుచేసేవారు. వానకు తడిసేవి, ఎండకు పాడయ్యేవి. హ్యూగో యుంకర్స్ అనే జర్మన్ ఆచార్యుడు విమానాన్ని మొత్తం లోహంతోనే ఎందుకు చేయకూడదని ఆలోచించాడు. 1915లో అలాంటి ప్రయోగ విమానాన్ని ఎగిరించి చూపించాడు. 1919 జూన్ 25న ఆయన కంపెనీ తయారుచేసిన ఎఫ్-13 విమానం ఎగిరింది. నలుగురు ప్రయాణికులు మూసి ఉన్న గదిలో కూర్చొని వెళ్ళగలిగిన విమానం అది. పూర్తి లోహంతో చేసిన మొదటి ప్రయాణికుల విమానంగా చరిత్రలో నిలిచింది.

ఆ తరవాత 1930 అక్టోబరులో యు-52 వచ్చింది. మొదట దానికి ఒకే ఇంజను. 1932లో మూడు ఇంజన్లు పెట్టారు, ఒకటి ముక్కుమీద, రెండు రెక్కలమీద. 17 మంది ప్రయాణికులు పట్టేవారు. ఎగుడుదిగుడు నేలమీద కూడా దిగేది, తక్కువ దూరంలోనే లేచేది. ఒక ఇంజను ఆగినా మిగతా రెండింటితో ఎగరగలిగేది. మొత్తంమీద 4,800 వరకు తయారయ్యాయి. జర్మన్లు దాన్ని ముద్దుగా 'టాంటె యు' అనేవారు. అంటే 'యు అత్తమ్మ' అన్నమాట.

ఆ విమానం ఫొటో చూస్తే ఒంటినిండా ముడతలే కనిపిస్తాయి, మన ఊళ్ళలో షెడ్లమీద వేసే రేకుల మాదిరిగా. ఎందుకలా? ఇది మీరే చేసి తెలుసుకోవచ్చు.

రెండు పుస్తకాల దొంతరలను జానెడు ఎడంగా పెట్టండి. వాటిమీద ఒక నోటుబుక్కు కాగితాన్ని వంతెనలాగా పరవండి. దానిమీద ఒక పెన్ను పెడితే కాగితం వంగిపోతుంది. ఇప్పుడు అదే కాగితాన్ని విసనకర్రలాగా సన్నగా మడతలు పెట్టి మళ్ళీ పరవండి. పెన్నే కాదు, జామెట్రీ బాక్సు కూడా మోస్తుంది. కాగితం అదే, బరువు అదే, గట్టిదనం మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. మన రేకు పెట్టెల అంచులు మడిచి ఉండేది కూడా ఇందుకే. యుంకర్స్ వాడింది డ్యూరాల్యుమిన్, అంటే అల్యూమినియంలో కొద్దిగా రాగి, మెగ్నీషియం, మాంగనీసు కలిపిన మిశ్రమ లోహం. పలుచని రేకును ముడతలు పెట్టి బరువు పెరగకుండా బలం తెచ్చాడు. అయితే ముడతల వల్ల గాలి రాపిడి పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. అందుకే తరవాత వచ్చిన విమానాలకు నున్నటి ఒళ్ళు పెట్టి, లోపలివైపు పట్టీలు బిగించారు.

మనుషుల్ని మోసింది, బాంబులూ మోసింది

ఇక్కడ ఒక విచారకరమైన సంగతి చెప్పాలి. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే యుంకర్స్‌ను బెదిరించి ఆయన పేటెంట్లను, కంపెనీని లాక్కున్నారు. ఆయన్ను గృహనిర్బంధంలో ఉంచారు. 1935 ఫిబ్రవరి 3న, తన 76వ పుట్టినరోజునే, ఆయన చనిపోయాడు. ఆయన పేరు మాత్రం విమానాల మీద అలాగే ఉండిపోయింది.

ప్రయాణికుల కోసం చేసిన యు-52ను బాంబర్‌గా మార్చారు. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గుయెర్నికా అనే పట్టణం మీద బాంబులు వేసిన విమానాల్లో ఇవి కూడా ఉన్నాయి. పికాసో ప్రసిద్ధ చిత్రం 'గుయెర్నికా' ఆ దాడి మీద గీసిందే. 1942-43 చలికాలంలో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర సోవియట్ సైన్యం చుట్టుముట్టిన జర్మన్ సైనికులకు తిండి, మందుగుండు చేరవేసే పని కూడా వీటి మీదే పడింది. రోజుకు కనీసం 300 టన్నులు కావలసి ఉండగా సగటున అందులో సగం కూడా అందలేదు. ఆ ఒక్కచోటే 260కి పైగా యు-52లు పోయాయి. యుద్ధం ఎవరి అహంకారం కోసం మొదలైనా, మంచులో ఆకలితో పడి ఉన్నది మాత్రం మామూలు సైనికులే.

విమానం చెడ్డది కాదు. యుద్ధం ముగిశాక అవే విమానాలు ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో తయారై చాలాకాలం పనిచేశాయి. ఎంత మంచి యంత్రమైనా దాన్ని నడిపించేవాళ్ళ ఉద్దేశం ఎలాంటిదైతే దాని పని అలాగే ఉంటుందని ఈ చరిత్ర చెబుతోంది.

నిషేధం తరవాత చిన్న విమానాలు

యుద్ధంలో ఓడిన జర్మనీ విమానాలు తయారుచేయరాదని గెలిచిన దేశాలు నిషేధం పెట్టాయి. అది 1955 దాకా సాగింది. క్లాడ్ డోర్నియర్ అనే ఇంజనీరు తన బృందంతో స్పెయిన్ వెళ్ళి అక్కడ పని కొనసాగించాడు. 1884లో పుట్టిన ఈయన ఎగిరే పడవలు చేసి పేరు తెచ్చుకున్నవాడు. యుద్ధకాలంలో ఆయన కంపెనీ కూడా బాంబర్లు తయారుచేసింది. నిషేధం తొలగాక మాత్రం చిన్న విమానాల దారి పట్టింది. డోర్నియర్-27 వచ్చింది, తరవాత డోర్నియర్-28. డోర్నియర్ 1969లో చనిపోయాడు. ఆయన కంపెనీ అదే దారిలో నడిచి 1981 మార్చి 28న డోర్నియర్-228ను మొదటిసారి ఎగిరించింది.

మన కథకు ఇదే ముఖ్యమైన విమానం. అందుకని కొంచెం వివరంగా చూద్దాం.

డోర్నియర్-228 రెక్కల కొననుంచి కొనదాకా సుమారు 17 మీటర్లు. పొడవు సుమారు 16.5 మీటర్లు. 19 మంది ప్రయాణికులు పడతారు. నిండుగా ఎక్కినా 6,400 కిలోలే, అంటే జనంతో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు బరువులో సగం కూడా ఉండదు. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, అంటే వేడి వాయువులతో తిరిగే చక్రం పంకాను తిప్పే ఇంజన్లు. గంటకు 400 కిలోమీటర్ల వరకు వేగం.

దీని అసలు రహస్యం రెక్కలో ఉంది. రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. ఇది మీరు చదివిన న్యూటన్ మూడో నియమమే. వేగం రెట్టింపు అయితే ఎత్తే బలం నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి వేగం తక్కువగా ఉన్నప్పుడు లేవడం కష్టం. అందుకే పెద్ద విమానాలకు పొడవాటి రన్‌వే కావాలి. అది పరుగెత్తి పరుగెత్తి వేగం పుంజుకోవాలి మరి. డోర్నియర్ ఇంజనీర్లు తక్కువ వేగంలోనే ఎక్కువ బలం ఇచ్చేలా రెక్క ఆకారాన్ని కొత్తగా రూపొందించారు. దాంతో కిలోమీటరు లోపు రన్‌వే ఉన్నా ఈ విమానం లేస్తుంది. 180 సీట్ల ఎయిర్‌బస్‌కు రెండు కిలోమీటర్లకు పైగా కావాలి.

ఇంకో చిత్రం ఏమంటే, దీని ఒళ్ళు గుండ్రంగా ఉండదు, పెట్టెలాగా పలకలుగా ఉంటుంది. గ్యాస్ సిలిండర్ గుండ్రంగా ఎందుకుంటుందో తెలుసు కదా? లోపలి ఒత్తిడిని అన్నివైపులా సమానంగా భరించడానికి. చాలా ఎత్తున ఎగిరే విమానాల లోపల కూడా గాలిని ఒత్తిడితో నింపుతారు. అందుకే అవి గుండ్రంగా ఉంటాయి. డోర్నియర్ ఎక్కువగా 3 కిలోమీటర్ల ఎత్తు లోపే ఎగురుతుంది. లోపల ఒత్తిడి పెంచే ఏర్పాటు లేదు. కాబట్టి పెట్టె ఆకారం సరిపోయింది, సామాను సర్దడమూ సులువైంది.

కాన్పూరుకు వచ్చింది

1983లో మన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఈ విమానాన్ని ఇక్కడే తయారుచేయడానికి డోర్నియర్‌తో ఒప్పందం చేసుకుంది. రవాణా విమానాల కోసం 1960లో మొదలైన కాన్పూరు కర్మాగారంలో 1986 నుంచి ఇవి తయారవుతున్నాయి. నూటికి పైగా విమానాలు బయటికి వచ్చాయి. వాయుసేన, నౌకాదళం, తీరరక్షక దళం మూడూ వీటిని వాడుతున్నాయి.

మొదట్లో మనం జర్మనీ నుంచి నేర్చుకున్నాం. తరవాత జర్మనీలో ఈ విమానం కొత్త రూపాన్ని తయారుచేసినప్పుడు దానికి కావలసిన రెక్కలు, ఒళ్ళు కాన్పూరు నుంచే పంపారు. మారిషస్, సీషెల్స్ దేశాలకు కూడా మన డోర్నియర్లు వెళ్ళాయి. 2024లో దక్షిణ అమెరికాలోని గయానాకు రెండు విమానాలు చేరాయి. పని చేతికి వస్తే శిష్యుడే గురువుకు సరుకు పంపగలడని దీన్నిబట్టి తెలుస్తుంది.

వాయుదూత్ చెప్పిన పాఠం

1981లో కేంద్ర ప్రభుత్వం వాయుదూత్ అనే సంస్థను ప్రారంభించింది. మొదట ఈశాన్య రాష్ట్రాల కోసం, తరవాత దేశంలోని చిన్న పట్టణాలన్నిటి కోసం. అది డోర్నియర్లను నడిపింది. నూరు దాకా ఊళ్ళకు సర్వీసులు పెట్టింది. చిన్న ఊరివాడు కూడా విమానం ఎక్కాలన్న ఆలోచన గొప్పదే.

అయితే ఏం జరిగింది? 19 సీట్ల విమానానికైనా ఇద్దరు పైలట్లు ఉండాలి, మెకానిక్కులు ఉండాలి, విమానాశ్రయం ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చును 180 మంది పంచుకోవడం వేరు, 19 మంది పంచుకోవడం వేరు. సీట్లు సగం ఖాళీగా పోతే ఇంక చెప్పేదేముంది? 1989 సెప్టెంబరులో మహారాష్ట్రలో ఒక వాయుదూత్ డోర్నియర్ జలాశయంలో కూలి అందులో ఉన్న 11 మంది చనిపోయారు. నష్టాలు పెరిగి 1993లో ఆ సంస్థను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు.

దీన్నిబట్టి చిన్న విమానం పనికిరాదని అనుకోకూడదు. 2022 ఏప్రిల్‌లో కాన్పూరులో తయారైన డోర్నియర్‌తోనే అస్సాంలోని డిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌ప్రదేశ్‌లోని పాసిఘాట్‌కు ప్రయాణికుల సర్వీసు మొదలైంది. కొండలు, పెద్ద నదులు అడ్డున్నచోట రోడ్డు ప్రయాణానికి గంటలకు గంటలు పడుతుంది. అలాంటిచోట ఈ విమానం అవసరం నిజమైనది. ప్రభుత్వం ఆ ఖర్చులో కొంత భరించడం కూడా న్యాయమే.

సముద్రం మీద కాపలా

డోర్నియర్‌కు మన దేశంలో అచ్చంగా సరిపోయిన పని సముద్రం మీద దొరికింది. తీరం నుంచి సుమారు 370 కిలోమీటర్ల దాకా సముద్రంలోని చేపలు, ఖనిజాలు మన దేశానివే. అంత నీటిని పడవలతో మాత్రమే కాపలా కాయలేం. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో, గంటల తరబడి తిరిగే విమానం కావాలి. డోర్నియర్‌కు పొట్టకింద రాడార్ బిగించి ఆ పనికి పెట్టారు. విశాఖపట్నంలోని నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాలో కూడా ఈ విమానాల దళం ఉంది.

తుపాను వస్తుందని తెలియగానే తీరరక్షక దళం డోర్నియర్లు బయలుదేరి, సముద్రంలో దూరంగా ఉన్న జాలర్లను రేడియో ద్వారా హెచ్చరించి ఒడ్డుకు పొమ్మంటాయి. మనకు సముద్రం లేదు కదా, మనకేం సంబంధం అనుకోవద్దు. బంగాళాఖాతంలో పుట్టిన తుపానే మన చెరువులను తెంచుతుంది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను కోనసీమ వైపు తీరం దాటితే వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. అంతకుముందు 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయిన సంగతి మనందరికీ తెలుసు.

2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తినప్పుడు ఎన్డీఆర్ఎఫ్ పడవలు వచ్చాయి. ఆ వరదల్లో జిల్లాలో చిక్కుకున్నవారి కోసం హెలికాప్టర్లను కూడా పంపారు. అక్కడ డోర్నియర్ ఉన్నా పనికిరాదు, ఎందుకంటే అది గాలిలో ఒకేచోట నిలబడలేదు. ఏ పనికి ఏ యంత్రమో తెలుసుకోవడం కూడా విజ్ఞానమే.

ఈ కాపలా పనిలో ప్రాణాలు పోయినవారున్నారు. 2015 మార్చి 24న గోవా తీరంలో నౌకాదళ డోర్నియర్ కూలింది. లెఫ్టినెంట్ కిరణ్ షెకావత్ అనే మహిళా అధికారి, ఆమెతోపాటు మరో అధికారి మరణించారు. మూడో అధికారిని చేపల పడవవాళ్ళు కాపాడారు. జాలర్లను కాపాడడానికి తిరిగే విమానంలోని మనిషిని జాలర్లే కాపాడారు చూడండి! అదే ఏడాది జూన్ 8న తమిళనాడు తీరం దగ్గర తీరరక్షక దళం డోర్నియర్ ముగ్గురితో కనపడకుండా పోయింది. నెల రోజులకు పైగా వెతికితే సముద్రం అడుగున దాని శకలాలు దొరికాయి.

మన చెల్లెళ్ళు గుర్తుపెట్టుకోవలసిన తేదీ ఒకటుంది, 2019 డిసెంబరు 2. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌కు చెందిన శివాంగి ఆ రోజు కొచ్చిలో నౌకాదళపు మొదటి మహిళా పైలట్ అయింది. ఆమె నడిపింది డోర్నియరే. 2022 ఆగస్టు 3న పోర్‌బందర్ నుంచి ఐదుగురు మహిళా అధికారులే డోర్నియర్ తీసుకొని అరేబియా సముద్రం మీద కాపలా పూర్తిచేసి వచ్చారు. వారిలో శివాంగి కూడా ఉంది.

ఇప్పుడు మామునూరు

మళ్ళీ మన ఊరికి వద్దాం. మామునూరు విమానాశ్రయం నిజాం కాలం నాటిది. దశాబ్దాలుగా అక్కడ ప్రయాణికుల విమానాలు లేవు. దాని కింద ఇప్పటికే 696 ఎకరాలున్నాయి. పెద్ద విమానాలు దిగేలా రన్‌వే పెంచడానికి ఇంకా 253 ఎకరాలు సేకరించాలని, అందుకు 205 కోట్ల రూపాయలు విడుదల చేస్తున్నామని 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఎకరాలు రైతులవి. మనలో చాలామందిమి ఎకరం, రెండెకరాల ఇళ్ళనుంచి, అసలు భూమే లేని ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం. ఒక ఎకరం పోవడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

చిన్న విమానం అయితే చిన్న రన్‌వే చాలు, అంత భూమి అక్కరలేదు. కానీ టికెట్ ఖర్చు ఎక్కువ, వాయుదూత్ సంగతి చూశాం. పెద్ద విమానం అయితే సీటు ఖర్చు తక్కువ, ఢిల్లీ, ముంబయి నేరుగా పోవచ్చు. కానీ భూమి కావాలి, రోజూ అన్ని సీట్లూ నిండాలి. మామునూరు నుంచి హైదరాబాద్‌కు విమానంలో 20, 25 నిమిషాలే అయినా, ముందుగా వెళ్ళి తనిఖీలు చేయించుకునే సమయం కలిపితే కాజీపేటలో రైలెక్కినవాడు ఇంచుమించు అప్పటికే చేరుకుంటాడు. కాబట్టి ఈ విమానాశ్రయం వల్ల లాభం దూరప్రాంతాలకు వెళ్ళేవారికే. రెండు వైపులా లెక్క ఉంది. మేము కోరేది ఏమిటంటే, భూమి ఇచ్చినవారికి న్యాయమైన ధర అందాలి, వారి పిల్లలకు అక్కడ పని దొరకాలి. ఆ తరవాతే మొదటి విమానానికి కొబ్బరికాయ కొట్టాలి.

ఆ పనులు ఏమిటంటే

విమానం అనగానే పైలట్ ఒక్కడే గుర్తుకొస్తాడు. కానీ ఒక్క విమానం లేవాలంటే నేలమీద ఎంతోమంది పనిచేయాలి. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్‌లో పర్యాటకులను తిప్పుతున్న పాత యు-52 కూలి 20 మంది చనిపోయారు. తరవాత విచారణలో పైలట్లు ప్రమాదకరంగా నడిపిన సంగతితో పాటు నిర్వహణ లోపాలు కూడా బయటపడ్డాయి. మెకానిక్ చేతిలో ఎన్ని ప్రాణాలుంటాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంటర్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు విమాన నిర్వహణ ఇంజనీరింగ్ కోర్సులో చేరవచ్చు. ఐటీఐ చేసినవారికి హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో అప్రెంటిస్ అవకాశాలుంటాయి. ఆ సంస్థకు హైదరాబాద్ బాలానగర్‌లో విమానాల ఎలక్ట్రానిక్ పరికరాల విభాగం ఉంది. ఇంటర్ గణితం, భౌతికశాస్త్రంతో తీరరక్షక దళంలో నావిక్ ఉద్యోగానికి కూడా పరీక్ష రాయవచ్చు. ప్రకటన పడ్డప్పుడు చూసుకుంటే సరిపోదు, తొమ్మిది, పది తరగతుల్లోనే లెక్కలు గట్టి చేసుకోవాలి.

మీరే చేసి చూడండి

1. డోర్నియర్ గంటకు 300 కిలోమీటర్ల వేగంతో విశాఖ నుంచి 370 కిలోమీటర్ల దూరం వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది? (జవాబు: 1 గంట 14 నిమిషాలు.)

2. విమానం వేగం మూడు రెట్లు పెరిగితే రెక్క ఎత్తే బలం ఎన్ని రెట్లు పెరుగుతుంది? (జవాబు: 9 రెట్లు.)

3. మడతల కాగితం ప్రయోగంలో మడతలు వెడల్పుగా పెడితే గట్టిదనం పెరుగుతుందా, తగ్గుతుందా? చేసి చూసి నోటుబుక్కులో రాయండి.

4. మామునూరుకు చిన్న విమానం మేలా, పెద్ద విమానం మేలా? ఒక ఆదివారం సాయంత్రం రెండు జట్లుగా విడిపోయి చర్చ పెట్టండి. రైతు తరఫున మాట్లాడే జట్టు ఒకటి తప్పకుండా ఉండాలి. దీనికి మాత్రం మేము జవాబు రాయడం లేదు. మీరు రాసి వచ్చే సంచికకు పంపండి.